ఫొటోల బొంత: ఏ ప్రింటు నిలిచింది, ఏది నిలవలేదు

గుడ్డముక్కల మీద ఫొటోలు వేయించి, వాటిని కలిపి కుట్టిన బొంతలన్నీ కానుకగా ఇచ్చిన రోజున ముచ్చటగానే ఉంటాయి. అసలు రంగు ఉతకడం మొదలెట్టాకే బయటపడుతుంది. ఇస్త్రీ పెట్టెతో అంటించే ట్రాన్స్‌ఫర్ పేపరు, టీషర్టుల షాపుల్లో వేసే డీటీఎఫ్ (ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ప్రింటు తీసి వేడితో గుడ్డకి అంటించేది), కప్పులూ దిళ్ల మీద ఫొటోలు వేసేవాళ్ల సబ్లిమేషన్, ఈ మూడు రకాలతోనూ కుట్టినవి ఏళ్ల తరబడి వాడకంలో ఉన్నాయి. వాటిని చూసే ఇది రాస్తున్నాను.

ట్రాన్స్‌ఫర్ పేపరు చవక, ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరుంటే చాలు. కానీ బొమ్మ గుడ్డలోకి ఇంకదు, పైన పొరలా ఉండిపోతుంది. ఎక్కడ మడత పడితే అక్కడ బీట. నాలుగు మడతలేసి బీరువాలో పెడితే సరిగ్గా తాతగారి ముక్కు మీదుగా తెల్లగీత పడుతుంది. తెల్లగుడ్డకి వాడే పేపరైతే ఫొటోని కుడి ఎడమలు మార్చి ప్రింటు తీయాలి, లేకపోతే వెనకున్న షాపు బోర్డు తిరగబడుతుంది. గోడకి వేలాడదీయడానికి పరవాలేదు గానీ కప్పుకునే బొంతకి మాత్రం వద్దు.

డీటీఎఫ్ కాటన్ మీద కూడా పడుతుంది, అంత తొందరగా బీటలివ్వదు. కాకపోతే ముక్క నిండా వేయిస్తే రెగ్జిన్ కప్పుకున్నట్టే, గాలాడదు. చిన్న ఫొటోలకే సరి.

నా ఓటు సబ్లిమేషన్‌కే. వేడికి రంగు ఆవిరై పాలిస్టర్ పోగులోకే దిగుతుంది కాబట్టి తడిమితే గుడ్డే తగులుతుంది. అందుకే తెల్ల పాలిస్టర్ తప్పనిసరి, మామూలు కాటన్ మీద వేయిస్తే ఉతుకులకి వెలిసిపోతుంది. చాలా షాపుల్లో శాటిన్ ఇస్తారు. అది మిషను కింద జారుతుంది, అంచుల పోగులు ఊడతాయి. కోసేముందే వెనక పలచటి ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే అస్తరు గుడ్డ) అంటించేస్తే రెండు బాధలూ తీరతాయి. అంటించేటప్పుడు ఇస్త్రీ వేడి మధ్యస్థంగా ఉండాలి. ఎక్కువైతే రంగు మళ్లీ లేచి పక్క గుడ్డకి అంటుతుంది.

ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుంటే డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే కుదించుకుపోతాయి. 8 అంగుళాల ప్రింటుకి కనీసం 1600 పిక్సెళ్లుండాలి, 2400 ఉంటే నిశ్చింత.

నాకు కుదిరిన కొలత: అడ్డం 4, నిలువు 5, మొత్తం 20 ఫొటోలు. ఒక్కో ముక్క 8½ అంగుళాల చదరం, మధ్య పట్టీలూ చుట్టూ అంచూ 2½ వెడల్పు. కుట్టుకి అన్ని వైపులా పావు అంగుళం పోతే బొంత 42 × 52 అంగుళాలు వస్తుంది. పట్టీలకీ చుట్టూ అంచుకీ కలిపి 44 అంగుళాల పన్నా కాటన్ మీటరున్నర. ముఖాలు ముక్క అంచుకి ఆనకుండా ముప్పావు అంగుళమైనా లోపలికి ఉండాలి, లేదంటే చెవులు కుట్టులోకి వెళ్లిపోతాయి.

పట్టీల గుడ్డని ముందే నానబెట్టి ఉతకడం అన్నిటికన్నా ముఖ్యం. కాటన్ కుదించుకుంటుంది, పాలిస్టర్ కుదించుకోదు. ఉతక్కుండా కుడితే మొదటి ఉతుక్కే ఫొటోలు ఉబ్బి నిలబడతాయి. మెరూన్, ఎరుపు గుడ్డలైతే నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. ఫొటోల తెల్ల అంచుకి గులాబీ మరక అంటిందంటే మళ్లీ పోదు.

అడుక్కి పాత నేత చీర మంచిది. దాని రంగు దిగేదంతా ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. పన్నా 45-46 అంగుళాలుంటే అతుకు అక్కర్లేదు. వెలుగుకి పట్టి చూసి, పలచబడిన చోటు వదిలేయండి. మధ్యలో పలచటి పాలిస్టర్ వ్యాడింగ్ (దూదిలాంటి మెత్తటి పరుపు పొర) పరిచి, మూడు పొరలకీ కచ్చా కుట్లు వేసుకున్నాకే మిషను ఎక్కించాలి. కుట్టు ఫొటో మీదకి పోనివ్వకుండా పట్టీ పక్కనే నడిపితే చాలు, 8 అంగుళాల ఖాళీకి వ్యాడింగ్ కదలదు. కాటన్ దూది పెడితే మాత్రం ఆ ఖాళీలో ఉండలు కట్టేస్తుంది.

ఉతికేటప్పుడు ఫొటోలు లోపలికి తిప్పి, చన్నీళ్లలో, బ్లీచింగు లేకుండా. ఆరేయడం నీడలోనే, సబ్లిమేషన్ రంగైనా మన ఎండకి ఆగదు.