గడియారం టైమా, ప్రాసెసర్ టైమా: ఏది మేలు?

ధవళేశ్వరం నుంచి కోనసీమకు వచ్చే కాలువలో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే చిన్న పైథాన్ ప్రోగ్రాం నాది. ఓ రోజు అమలాపురంలో ఇంట్లో నడుపుతుంటే, పట్టిన సమయం మైనస్ 3 సెకన్లని చూపించింది! కరెంటు పోయొచ్చాక వైఫై కలిసింది, ల్యాప్‌టాప్ తన గడియారాన్ని వెనక్కి సరిచేసుకుంది. నేను వాడింది టైమ్.టైమ్, అంటే ల్యాప్‌టాప్ గడియారం ఆ క్షణంలో చూపే టైమును ఇచ్చే పైథాన్ ఫంక్షన్. లాగ్‌లో తేదీ రాసుకోవడానికి అది చాలు, కొలతకు మాత్రం వద్దు.

అసలు పోటీ పైథాన్‌లోనే ఉన్న మరో రెండు టైమర్లకు: పెర్ఫ్_కౌంటర్‌కీ ప్రాసెస్_టైమ్‌కీ. ఎనిమిది మంది కలిసి 3 గంటల్లో చేను నాటేశారనుకోండి. పని ఎంతసేపట్లో అయిందంటే 3 గంటలు, కూలి లెక్కలో 24 గంటలు. మొదటిది (గడియారం టైమ్) పెర్ఫ్_కౌంటర్ చెప్తుంది, రెండోది (ప్రాసెసర్ టైమ్) ప్రాసెస్_టైమ్. పైథాన్‌లో లెక్కలు చేసే నమ్‌పై లైబ్రరీ మాత్రికల (అంకెల పట్టికల) గుణకారాన్ని ప్రాసెసర్‌లోని నాలుగైదు కోర్లకు (ఒకేసారి పనిచేసే భాగాలకు) పంచేస్తుంది కాబట్టి, ప్రాసెస్_టైమ్ ఒక్కదాన్నే చూస్తే వేగంగా నడిచిన కోడ్ కూడా నత్తనడకలా కనిపిస్తుంది.

నమ్మే ముందు టైమర్‌నీ పరీక్షించాలి. 2 సెకన్ల స్లీప్ (ఏ పనీ చేయకుండా ఆగడం) పెట్టండి: పెర్ఫ్_కౌంటర్ 2కి కాస్త పైన, ప్రాసెస్_టైమ్ దాదాపు సున్నా చూపాలి. తర్వాత 2000 × 2000 మాత్రికలు రెండు గుణించండి. అందులో సుమారు 1600 కోట్ల లెక్కలుంటాయి. దాన్ని సెకన్లతో భాగిస్తే వచ్చే వేగం మీ ప్రాసెసర్ గరిష్ఠ సామర్థ్యాన్ని దాటిందా, అనుమానించాల్సింది టైమర్‌నే. నమ్‌పైని ఇంపోర్ట్ చేయకముందే థ్రెడ్లను (ఒకేసారి నడిచే పని పాయలను) 1కి కుదిస్తే రెండు టైమర్ల అంకెలూ దగ్గరికి రావాలి. మొదటి రన్ వదిలేయండి, ఛార్జర్ పెట్టే కొలవండి. బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించేసుకుంటాయి. మరీ చిన్న పనైతే పైథాన్‌లోని టైమిట్‌తో వేలసార్లు తిప్పి, వచ్చినవాటిలో కనిష్ఠం తీసుకోండి.

(సీ భాషలో క్లాక్ ఫంక్షన్ వాడేవాళ్లకు ఒక మాట: లైనక్స్‌లో అది ప్రాసెసర్ టైమ్ ఇస్తుంది, విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో గడియారం టైమ్.)

ఒకటే ఎంచుకోమంటే నా ఓటు పెర్ఫ్_కౌంటర్‌కే, ఎందుకంటే మనం కూర్చుని ఎదురుచూసేది ఆ సమయమే. పక్కన వేరే ప్రోగ్రాం నడుస్తుంటే మాత్రం అది ఉబ్బిపోతుంది. అందుకే రెండూ పక్కపక్కనే ప్రింట్ చేస్తున్నాను. మొన్న గడియారం 9 సెకన్లు, ప్రాసెసర్ 2 సెకన్లు అన్నాయి. సాల్వర్‌లో (ప్రవాహాన్ని లెక్కగట్టే కోడ్‌లో) లోపమేమోనని టెన్షన్ పడ్డాను. చూస్తే, నీటి మట్టాల ఫైలు పాత పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోయింది. దాన్ని చదవడం కోసం ఆగిన సమయం గడియారం లెక్కలోకే వస్తుంది, ప్రాసెసర్ లెక్కలోకి రాదు.