మ్యాప్‌లో మా జీడిపప్పు కొట్టు: రిప్లై బటన్‌కి ఓ దండం

మాది పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు కొట్టు. ఫోన్ మ్యాప్‌లో షాపు పేజీ పెట్టి కొన్నేళ్లయింది. పేరు, టైమింగులు, ఫోటోలు ఎలా ఎక్కించాలో అందరికీ తెలిసిందే, ఆ జోలికి పోను. నేను చెప్పేది రివ్యూ కింద కొట్టువాడు జవాబు రాసుకునే బటన్ గురించి. ఎవరూ పట్టించుకోరు గానీ నా లెక్కలో ఆ పేజీ మొత్తానికి పనికొచ్చేది అదొక్కటే.

ఒకాయన ఒక స్టార్ ఇచ్చి "పప్పు ఎర్రగా ఉంది, పాత సరుకు అంటగట్టారు" అని రాశాడు. మా అబ్బాయి పోట్లాటకి దిగబోతే ఆపాను. తెలుగులోనే నెమ్మదిగా రాశాం: అది పాతది కాదండీ, పిక్కలు (పైపెంకుతో ఉన్న జీడిగింజలు) కాల్చేటప్పుడో పప్పు ఆరబెట్టేటప్పుడో సెగ కాస్త ఎక్కువైతే రంగు తిరుగుతుంది, రుచి ఎక్కడికీ పోదు, అందుకే తెల్ల గుండు (విరగని పప్పు) కన్నా తక్కువకి ఇస్తాం, మీకు తెల్లదే కావాలంటే తెచ్చి మార్చుకోండి అని. పనిలో పనిగా జీడిపప్పు రకాలకి వాడే 240, 320 అంటే ఏమిటో కూడా రాశాం. పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ లెక్క అది, అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నది (320 అంటే పెద్దదనుకునేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు).

ఆయన మళ్లీ రాలేదు. కానీ నెల తిరక్కుండానే బరంపురం నుంచి కారులో వెళ్తున్న ఒకావిడ ఆగి, ఫోన్‌లో ఆ జవాబే చూపించి, "ఏమండీ, ఆ రంగు తిరిగిన పప్పు ఉందా? కూరల్లోకి రుబ్బుకోడానికి తెల్లది ఎందుకండీ, దండగ" అంది. తర్వాత ఓ వంట మేస్త్రీ అదే అడుగుతూ వచ్చాడు, ఆయన వెనక ఇంకొకరు. మూల పడి ఉండే డబ్బా ముందు వరసకొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా చుట్టుపక్కల ఉద్దానం జీడి తోటలు నేలకూలాక "ఇది మన పిక్కేనా?" అని అడగడం ఎక్కువైంది కదా, దానికీ అక్కడే ఉన్నమాట రాసేశాం, బయటి పిక్క కూడా కలుస్తుందని. అందుకని బేరం ఏం పోలేదు.

అలాగని మరీ ఆకాశానికి ఎత్తేయను. ఆ ఒక స్టార్ ఇంకా అక్కడే ఉంది, సగటుని కిందికి లాగుతూ. మా అబ్బాయి పరీక్షలప్పుడు పేజీ వైపు చూసే నాథుడు లేడు. పెద్ద ఆర్డర్లు ఇప్పటికీ పాత పరిచయాల మీద ఫోన్లోనే వస్తాయి. "మీ పేజీ వెరిఫై చేస్తాం, ఇంత కట్టండి" అని ఎవరెవరో ఫోన్లు చేస్తారు, ఒక్క రూపాయి కట్టకండి, అది ఉచితమే.

మాకు కలిసొచ్చిందంటే ఊరి పేరు ముందే ఉండబట్టి కూడా. పలాస జీడిపప్పు అని వెతికేవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు, ఊళ్లో రైలు ఆగుతుంది, హైవే దగ్గరే. రోజూ తెలిసిన మొహాలే వచ్చే వీధి కిరాణాకి ఇది ఏమాత్రం పనికొస్తుందో నేను చెప్పలేను. బయటూరివాళ్లు ఆగే కొట్టయితే పెట్టుకోండి. జవాబుల్లో ధర మాత్రం రాయకండి, సీజన్ మారాక పాత రేటు చూపించి బేరానికి కూర్చుంటారు.