ఐదేళ్ల ఈ-ఫైలింగ్: నా జీతం వరకు హాయి, పాప ఎఫ్‌డీ దగ్గరే గొడవ

5,104 రూపాయలు. నా ఏటీఎం పిన్ అయినా మర్చిపోతానేమో గానీ ఈ అంకె మర్చిపోను. 2023-24లో మా పాప ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు ముందే కోసుకున్న పన్ను, అంటే టీడీఎస్ అది. న్యాయంగా నా పన్నులో జమ కావాల్సిన ఆ డబ్బు నా ఖాతాలో కనిపించడానికి 2024 జులై నుంచి 2025 ఫిబ్రవరి దాకా పట్టింది. కాబట్టి ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ మీద నేను రాసేదాంట్లో కోపం పాలు కాస్త ఎక్కువే ఉంటుంది, ముందే చెబుతున్నాను.

నేను విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. 2021 జూన్‌లో కొత్త పోర్టల్ వచ్చిన ఏడాది నుంచే నా రిటర్న్ నేనే వేసుకుంటున్నాను. ఆ ఏడాది అందరూ సైటును తిట్టినవాళ్లే, గడువు కూడా డిసెంబరు 31 దాకా పొడిగించారు. నేను మాత్రం అక్టోబరులో ఒక ఆదివారం కూర్చుంటే జీతం, పీఎఫ్, కోసిన పన్ను అన్నీ ముందే నింపి ఉన్నాయి. ఇంటి లోన్ వడ్డీ సరిచూసుకుని, ఆధార్ ఓటీపీ కొట్టేసరికి పని అయిపోయింది. అంతకుముందు ద్వారకానగర్‌లో రిటర్న్‌లు వేసిపెట్టే ఒకాయనకి ఏటా ఫీజు కట్టేదాన్ని. షిఫ్ట్ బస్సులో గాజువాక వచ్చేలోపు ఎంతమందికి చెప్పానో, మీరే వేసుకోండి, చాలా తేలిక అని. ఇద్దరు ముగ్గురికి దగ్గరుండి వేయించాను కూడా.

ఆ మాటను ఇప్పుడు కాస్త సవరించుకుంటున్నాను. ఒకే జీతం, కంపెనీ ఇచ్చే ఒకే ఫారం-16, ఇంట్లో ఇంకెవరి పేరు మీదా ఏమీ లేకపోతే తేలికే. కుటుంబం అన్నది మధ్యలోకి వచ్చిందా, వేరే సంగతి.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అయ్యాక వచ్చిన డబ్బులోంచి 7 లక్షలు మనవరాలి పేరు మీద వేశారు. 2023 మార్చి ఆఖరి వారం. నేను డ్యూటీలో ఉన్నానని అల్లుణ్ని వెంటబెట్టుకుని వెళ్లారు. పాప మైనరు కదా, గార్డియన్ ఎవరు అన్నారట కౌంటర్లో. అడిగింది కూడా మర్యాదకేనేమో, నాన్న ఉండగా ఇంకెవరు అనుకుని మా ఆయన పేరు, ఆయన పాన్ ఎక్కించేశారు. మా నాన్న సంతోషంగా రసీదు తెచ్చి దేవుడి గదిలో పెట్టారు.

ఇక్కడే ఉంది మెలిక. మైనరు పేరు మీద వచ్చే వడ్డీని తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ల ఆదాయంలో కలపాలి. క్లబ్బింగ్ అంటారు దీన్ని, అప్పటి 64(1ఏ) సెక్షన్. మా ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు, అప్పట్లో నెలకు 18,000 జీతం. అంటే వడ్డీ నా ఆదాయంలో కలవాలి, పన్ను నేను కట్టాలి. కానీ బ్యాంకు కోసిన టీడీఎస్ మాత్రం మా ఆయన పాన్ మీద జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో కూర్చుంది. ఆదాయం ఒకరిది, కోత ఇంకొకరి పేరున.

ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చారు. "మీ ఆయన చేత ఒక రిటర్న్ వేయించండి మేడం, ఆ 5,104 రిఫండ్ వచ్చేస్తుంది. పాప వడ్డీ మీకెందుకు, ఎవరు చూస్తారు?" నిజం చెప్పాలంటే ఒక పూట ఊగాను. ఎందుకంటే లెక్క ఇది: వడ్డీ 51,000 చిల్లర. పాత పన్ను విధానంలో ఉన్నాను కాబట్టి పిల్లకు 1,500 చొప్పున మినహాయింపు. మిగతాదాని మీద 20 శాతం, సెస్సు కలిపి 10,300 చిల్లర నేను కట్టాలి. ఆయన సలహా వింటే ఇది మిగలడమే కాక, ఎదురు 5,104 చేతికొస్తుంది. కానీ 7 లక్షల ఎఫ్‌డీ ఎవరికీ కనపడకుండా పోయేది కాదు. పైగా అది మా నాన్న కష్టార్జితం, దాని మీద దొంగలెక్క వేయడానికి మనసొప్పలేదు.

అన్నట్టు ఆ 1,500 మినహాయింపు 1993 నుంచీ ఉన్నదే, అంకె మారలేదు. మా పాప స్కూల్ వ్యానుకు ఒక నెల ఫీజు అంతకంటే ఎక్కువ. కొత్త పన్ను విధానంలో అయితే అది కూడా లేదు.

సరే, నిజాయితీగానే వేద్దామని 2024 జులైలో కూర్చున్నాను. ఇంకొకరి పేరున కోసిన టీడీఎస్‌ను మనం అడగాలంటే చిన్న ఫారం ఐటీఆర్-1 పనికిరాదు, పెద్ద ఫారం ఐటీఆర్-2కి వెళ్లాలి. ఐదారు పేజీల పని కాస్తా పెద్ద పుస్తకం అయింది. అందులో మైనరు ఆదాయం చూపడానికి వేరే షెడ్యూల్ ఉంది, అది బాగానే నింపాను. టీడీఎస్ షెడ్యూల్‌లో వరుస వరుసకీ ఒక ప్రశ్న: ఈ క్రెడిట్ (కోసిన పన్ను జమ) మీదా, ఇతరులదా? రెండోది నొక్కగానే ఒక ఖాళీ గడి తెరుచుకుంది, ఆ ఇతరుల పాన్ ఇమ్మని. మా ఆయన పాన్ కొట్టాను. పన్ను కోసే సంస్థలకి ఉండే నంబరు, బ్యాంకు ట్యాన్ కొట్టాను. 5,104 కొట్టాను. సైటు ఒక్క మాట అనకుండా తీసుకుంది. మిగతా 5,200 ఆన్‌లైన్లో కట్టేసి, జులై 27 రాత్రి ఓటీపీతో వెరిఫై చేశాను. బయట వాన. ఎంత పద్ధతిగా చేశానో అని నాకే ముచ్చటేసింది.

సెప్టెంబరులో పన్ను శాఖ నుంచి ఇంటిమేషన్ వచ్చింది. నేను లెక్కగట్టింది ఒక నిలువు వరుసలో, వాళ్లు ఒప్పుకున్నది పక్క వరుసలో ఉంటాయి. కిందికి చూసుకుంటూ పోతుంటే జీతం సరే, క్లబ్బింగ్ సరే, మినహాయింపు సరే. టీడీఎస్ దగ్గర నా వైపు 5,104, వాళ్ల వైపు సున్నా. అంతటితో ఆగితే బాగుండేది. ఆ క్రెడిట్ తీసేసేసరికి నేను బాకీ ఉన్న పన్ను 10,300 అయింది. బాకీ 10,000 దాటితే ఆ ఏడాదిలోనే వాయిదాల్లో అడ్వాన్స్ ట్యాక్స్ కట్టి ఉండాల్సింది కదా, కట్టలేదు కాబట్టి వడ్డీ. ఒక్క 300 రూపాయలు గీత దాటినందుకు వడ్డీల మీద వడ్డీలు. అన్నీ కలిపి నా పేర డిమాండు 6,000 పైమాట.

పాప వడ్డీని చూపించమంటే చూపించాను. దాని మీద పన్ను కట్టమంటే కట్టాను. ఆదాయాన్ని మాత్రం నాదని ఒప్పుకున్నారు, దాని మీద కోసిన డబ్బు నాది కాదన్నారు. ఆ రోజు రాత్రి అన్నం సయించలేదంటే నమ్మండి. మా నాన్న ఫోన్లో, "ఏటమ్మా ఇది, ఐదు వేలకి ఇంత గోలా? నేనిస్తాను, కట్టీ" అన్నారు. అసలు బాధ ఐదు వేలు కాదని ఆయనకి ఎలా చెప్పను? పాపకి ప్రేమగా ఇచ్చిన డబ్బు గురించి ఆయనే నొచ్చుకుంటున్నారు.

డిమాండుతో ఏకీభవించడం లేదని పోర్టల్లో నొక్కాను. క్రెడిట్ తేడాను సరిచేయమని రెక్టిఫికేషన్ పెట్టాను. మళ్లీ లెక్కగట్టి మళ్లీ అదే జవాబు. తిరిగి తిరిగి ద్వారకానగర్ పాత ఆయన దగ్గరికే వెళ్లాను, మూడేళ్ల తర్వాత. ఆయన ఏమీ ఎత్తిపొడవలేదు. కాగితాలు చూసి ఒకటే అన్నారు: "అమ్మా, మీరు పుచ్చుకునే చెయ్యి చాపారు, సరే. ఆయన ఇచ్చే చెయ్యి చాపలేదు కదా."

అప్పుడు అర్థమైంది. దీనికి అప్పట్లో 37బీఏ అని ఒక రూల్. దారులు రెండు. అసలు దారి బ్యాంకు. ఈ వడ్డీ మీద క్రెడిట్ ఫలానా ఆమెకు వెళ్లాలి, ఆమె పేరు, అడ్రసు, పాన్ ఇవి, కారణం ఇది అని ఒక డిక్లరేషన్ ఇస్తే, బ్యాంకు తన టీడీఎస్ స్టేట్‌మెంట్‌లో నా పాన్ చూపించాలి. దానికి ప్రత్యేకమైన ఫారం కూడా లేదు, మామూలు కాగితం మీద రాసిస్తే చాలు. ఆ "ఫారం లేకపోవడమే" నా కొంప ముంచింది. బ్రాంచిలో కాగితం చూపిస్తే, "ఇలాంటి ఫారం మా సిస్టంలో లేదు మేడం" అన్నారు. అది ఫారం కాదండీ, డిక్లరేషన్ అంటే, "డిక్లరేషన్‌కైనా ఫారం ఉండాలి కదా" అన్నారు. రెండోసారి వెళ్తే టీడీఎస్ పని ఇక్కడ జరగదు, పై ఆఫీసుకు పంపుతాం అన్నారు. మూడోసారి ఇంకో ఉపాయం చెప్పారు: "వచ్చే ఏడాది నుంచి సారు చేత 15జీ పెట్టించేయండి, కోతే ఉండదు." పన్ను కట్టాల్సిన అవసరం లేనివాళ్లు ఇచ్చే కాగితం అది. వడ్డీ నా ఆదాయమైనప్పుడు ఆయన అది ఎలా ఇస్తారు? కౌంటర్లో అమ్మాయి మంచిదే, నా మొహం చూసి మంచినీళ్లు కూడా ఇచ్చింది. నా కాగితం మీద స్టాంపు వేసి ఇచ్చిందిగానీ స్టేట్‌మెంట్ మాత్రం మారలేదు.

రెండో దారి మా ఆయన రిటర్న్. ఆయన జన్మలో రిటర్న్ వేయలేదు, వేయాల్సినంత జీతమూ లేదు. ఇప్పుడు "నా ఆదాయం ఇంత, నా పేరున కోసిన ఈ 5,104 నాది కాదు, ఫలానా పాన్‌కు ఇచ్చేస్తున్నాను" అని చెప్పడం కోసం ఆయన కూడా ఐటీఆర్-2 వేయాలి. నవంబరులో కూర్చున్నాం. గడువు దాటినా, ఆదాయం తక్కువ కాబట్టి ఆలస్య రుసుము పడలేదు. అంతా నింపి వెరిఫై చేయబోతే ఓటీపీ రాదు. ఆయన ఆధార్‌కు ఉన్నది ఎప్పుడో పడేసిన సిమ్ నంబరు! పోయి ఆధార్ కేంద్రంలో క్యూ కట్టి, 50 రూపాయలు ఇచ్చి నంబరు మార్పించుకుని, అది అప్‌డేట్ అయ్యాక మళ్లీ కూర్చున్నాం. డ్రాయింగ్ టీచరు కదా, ఖాళీగా కూర్చోలేక నా రఫ్ కాగితం వెనకాల రెండు చేతులు గీశారు, ఒకటి ఇస్తున్నట్టు, ఒకటి పుచ్చుకుంటున్నట్టు. మధ్యలో ఒక కౌంటరు.

ఆయన రిటర్న్ ప్రాసెస్ అయ్యాక డిసెంబరులో నేను మళ్లీ రెక్టిఫికేషన్ పెట్టాను. ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. నా వైపు 5,104, వాళ్ల వైపు 5,104. డిమాండు సున్నా, వడ్డీలూ పోయాయి. ఆ పీడీఎఫ్‌ను మా నాన్నకు చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని రెండు వరుసలూ వేలితో కలిపి చూశారు.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. 2025లో రెండో ఏడాదికి అదే తంతు ఉంటుందని తెలుసు కాబట్టి ఇద్దరి రిటర్న్‌లూ ఒకే రాత్రి, ముందు ఆయనది, తర్వాత నాది వేశాను. నా క్రెడిట్ మొదటి విడతలోనే పడింది, ఎవరినీ అడగాల్సిన పని లేకుండా. అంటే వ్యవస్థలో దారి లేక కాదు. "ఇతరులది" అని నొక్కినప్పుడు, "ఆ ఇతరులు కూడా రిటర్న్ వేసి మీకు బదిలీ చేయాలి" అని ఒక్క లైను అక్కడ చూపిస్తే నాకు ఏడు నెలలు కలిసొచ్చేవి. పీఎఫ్ అంకె ఒక రూపాయి తేడా వస్తే ఎర్ర అక్షరాల్లో అరిచే సైటు, ఇక్కడ మాత్రం నోరు మెదపదు.

ఇప్పుడు నా అభిప్రాయం ఏమిటని బస్సులో అడిగితే, ఎవరన్నదాన్ని బట్టి చెబుతున్నాను. మొన్న చేరిన ట్రైనీ పిల్లలకి మీరే వేసుకోండి అనే చెబుతున్నాను. ఇంట్లో పిల్లల పేరున డబ్బులున్నవాళ్లకి మాత్రం, ముందు ఆ ఎఫ్‌డీకి ఎవరి పాన్ ఉందో చూసుకోండి అంటున్నాను. నాది కూడా అందరికీ వర్తించే కథ కాదు. మా ఇంట్లో జీతం నాది ఎక్కువ. తండ్రి ఆదాయమే ఎక్కువున్న ఇంట్లో బ్యాంకు అలవాటుగా రాసినదే కరెక్టవుతుంది, ఈ గొడవే తెలియదు. నాకు ఓపిక, ఇంట్లో కంప్యూటరు ఉన్నాయి. లేనివాళ్లు ఆ ఐదు వేలు వదిలేసుకుంటారు, వాళ్లని తప్పుపట్టను. ఇక 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలుతో సెక్షన్ల నంబర్లు వేరు. కష్టపడి బట్టీపట్టిన 64(1ఏ) కూడా పాతదే.

2025 మార్చిలో ఎఫ్‌డీ గడువు తీరింది. పాపకు ముందే ఉన్న సుకన్య సమృద్ధి ఖాతాలో ఏప్రిల్లో లక్షన్నర వేశాం, దాని వడ్డీకి పన్నే లేదు. మిగిలిన ఆరున్నర లక్షలకు ఏడాది వడ్డీ 50,000 లోపే వస్తుంది. ఆ ఏప్రిల్ నుంచి బ్యాంకు కోత పరిమితి 40,000 నుంచి 50,000 అయింది కాబట్టి టీడీఎస్ బెడద లేదు. వడ్డీ మాత్రం నా ఆదాయంలో కలుపుతూనే ఉండాలి.

కొత్త డిపాజిట్ వేయడానికి ఈసారి సెలవు పెట్టి నేనే వెళ్లాను, మా ఆయన్నీ తీసుకుని. ఫారం ప్రింట్ తీసి చేతికిచ్చారు. గార్డియన్ అన్న చోట అప్పటికే ఆయన పేరు టైపై ఉంది. మా ఆయన నా వైపు చూసి, జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చారు.