మాస్టడాన్‌లో తెలుగు రాతలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్ని (ఇప్పుడు దాని పేరు ఎక్స్) కొన్నాక చాలామందిలాగే నేనూ అలాంటిదే పొట్టి పోస్టుల వేదిక అయిన మాస్టడాన్‌లో ఖాతా తెరిచాను. అప్పుడు నాతోపాటు వచ్చినవాళ్లలో చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. మా వీధి చెట్ల గురించి, చదివిన పుస్తకాల గురించి వీలున్నప్పుడల్లా అక్కడ తెలుగులో రాస్తుంటాను. పొట్టి పోస్టులు కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది దీని పేరే.

చేరేటప్పుడు చాలామంది ఆగిపోయేది సర్వర్ని, అంటే మన ఖాతా ఉండే కంప్యూటర్ని, ఎంచుకోమన్న దగ్గర. మాస్టడాన్ ఒకే కంపెనీ చేతిలో ఉన్న సైటు కాదు. జర్మనీకి చెందిన యూజెన్ రాచ్కో 2016లో బయటికి తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని ఎవరైనా తమ సర్వర్లో పెట్టి నడపొచ్చు. యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతి ఉండబట్టి ఈమెయిల్లాగే ఒక సర్వర్లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్లో ఉన్నవాళ్లతో మాట్లాడుకోవచ్చు. కాబట్టి ఎక్కడ చేరాలన్న టెన్షన్ అక్కర్లేదు. కానీ ఎవరు నడుపుతున్నారు, ఖర్చు ఎలా వెళ్తోంది, నియమాలేంటి అన్నవి మాత్రం చదివి చేరండి. నేను మొదట చేరిన చిన్న సర్వర్ని ఖర్చు భరించలేక మూసేశారు. ముందుగానే చెప్పారు కాబట్టి నా ఫాలోయర్లందరినీ కొత్త ఖాతాకి తరలించుకున్నాను. పోస్టులు మాత్రం వెంట రావు. వాటిని దించుకుని దాచుకోవడమే. ఆ మాత్రం వీలున్నా గొప్పే అనిపించింది, 2024 జులైలో కూ మూతపడ్డప్పుడు. తెలుగులోనూ రాసుకునే వీలున్న మన దేశపు యాప్ అది.

పోస్టుకి మామూలుగా 500 అక్షరాలు. ఎక్స్‌లో ఉచిత ఖాతాకి 280. పైగా అక్కడ గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి, ‘స్త్రీ’ అని రాస్తే ఆరు పోతాయి. తెలుగులో ఒక విషయం మొదలుపెట్టి ముగించడానికి ఈ తేడా చాలా పెద్దది.

ఇక అసలు సంగతి. ఇక్కడ హోమ్‌లో పోస్టులు వచ్చిన వరసలోనే కనిపిస్తాయి. మీ పోస్టుని పైకి లేపి ముక్కూముఖం తెలియనివాళ్లకి చూపించే అల్గారిదమ్ లేదు. అందుకని మొదట్లో ఎంత బాగా రాసినా ఎవరూ పలకరు. నిరాశపడకండి, మీరే వెళ్లి పలకరించండి. తెలుగు, పుస్తకాలు లాంటి హ్యాష్‌ట్యాగులు తెలుగు లిపిలోనే పనిచేస్తాయి, మనుషుల్లాగే వాటినీ ఫాలో అవచ్చు. మీ పోస్టులకీ తప్పకుండా పెట్టండి. పోస్టు భాషని తెలుగుగా ఎంచుకోవడం మరవొద్దు. నాకు దొరికిన మంచి పరిచయాలన్నీ ఎవరి పోస్టు కిందో రాసిన జవాబుతో మొదలైనవే. ఒక వేపచెట్టు ఫొటో కింద మొదలైన మాటలు పొద్దుపోయేదాకా సాగిన రోజులున్నాయి.

ఫొటో పెడితే అందులో ఏముందో వివరణ రాయడం ఇక్కడ అలవాటు. చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది. ఆ వివరణ తెలుగులో రాయండి. తెలుగులో అలా రాసేవాళ్లు ఇంకా చాలా తక్కువ, ఎంత మంది రాస్తే అంత మేలు.

లోపాలు లేకపోలేదు. తెలుగువాళ్లు తక్కువ. సినిమా కబుర్లు, ఎన్నికల వేడి కావాలంటే ఎక్స్‌కే వెళ్లాలి. వెతుకులాట కూడా అంతంతమాత్రమే: పోస్టులోని మాటలతో వెతికే వీలు 2023లో వచ్చింది, అదీ ఒప్పుకున్నవాళ్ల పోస్టుల్లోనే. ప్రైవేటుగా పంపే సందేశాలకి ఎన్‌క్రిప్షన్ లేదు, సర్వర్ నడిపేవాళ్లు తలుచుకుంటే చూడగలరు. ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు అందులో పంపకండి.

ఫోన్లో అధికారిక యాప్ ఉంది గానీ ఆండ్రాయిడ్‌లో నేను టస్కీ అనే వేరే యాప్ వాడతాను. బస్సులో సగం రాసి డ్రాఫ్టుగా దాచుకుని ఇంటికెళ్లాక పూర్తిచేయొచ్చు. ఫలానా టైముకి వెళ్లేలా పెట్టుకోవచ్చు కూడా.