250 జీఎస్ఎం టార్పాలిన్: వాన ఆపుతుంది, గాలికి నిలవాలంటే కట్టు బాగుండాలి

కోత కోసి ధాన్యం కళ్లంలో ఉండగా తుఫాను హెచ్చరిక వస్తే దిక్కు టార్పాలినే. 8×6 మీటర్ల, 250 జీఎస్ఎం హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) పట్టా ఈ పనికి సరిపోతుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువన్నది. 48 చదరపు మీటర్లకు 12 కిలోలు తూగాలి. కొనేముందు కాటా వేయించండి. 9 కిలోలే తూగితే, మీద ఏ అంకె అచ్చేసి ఉన్నా అది 190 లోపు సరుకే. తర్వాత ఎండకు ఎత్తి పట్టి చూడండి. మడతల దగ్గర సూదిమొనల్లా వెలుతురు కనబడితే పూత చిట్లినట్టే, అక్కడ నీళ్లు దిగుతాయి.

వాన విషయంలో దీనికి వంక పెట్టలేం. 3 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, మీటరు ఎత్తున ఇంటికప్పులా వాలుగా పోస్తే సుమారు 30 క్వింటాళ్ల వడ్లు దీని కింద ఇముడుతాయి. చుట్టూ మీటరుకు పైగా అంచు మిగులుతుంది. పైభాగం చదునుగా ఉంటే నీళ్లు గుంటకట్టి, ఆ బరువుకు పట్టా సాగుతుంది.

అసలు లోపం ఐలెట్లలో, అంటే తాళ్లు కట్టడానికి అంచున ఉండే రింగుల్లో ఉంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 48 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఐలెట్లకు మాత్రమే తాళ్లు కట్టి వదిలేస్తే ముందు అవే ఊడతాయి, అక్కడి నుంచి చిరుగు పాకుతుంది. అందుకే అంచు మడతలో తాడు కుట్టిన రకమే తీసుకోండి. పట్టా మీదుగా అడ్డంగా, నిలువుగా తాళ్లు లాగి మేకులకు కట్టాలి. అంచుల మీద ఇసుక బస్తాలు ఎడం లేకుండా పేర్చాలి. గాలి ఒక్కచోట లోపలికి దూరిందంటే పట్టా మొత్తం లేచిపోతుంది.

ఎక్కువమంది పొరబడేది కింద పరిచే పట్టా దగ్గర. దాని అంచు పై పట్టాను దాటి బయటికి వస్తే జారిన నీళ్లు నేరుగా వడ్ల కిందికే చేరతాయి. కింది అంచు ఎప్పుడూ లోపలే ఉండాలి. 100 మిల్లీమీటర్ల వాన పడితే ఈ ఒక్క పట్టా మీద నుంచే సుమారు 4,000 లీటర్లు జారతాయి, కాబట్టి చుట్టూ కాలువ తీసి పల్లానికి మళ్లించాలి.

పడిపోయిన చేనుకు మాత్రం పట్టా ఏమీ చేయలేదు. అక్కడ నీళ్లు తీసేసి, గింజ మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా పిచికారీ చేయాలి.

తేమ ఎక్కువున్న వడ్లను రోజుల తరబడి కప్పి ఉంచకూడదు. గింజ ఊపిరికి లోపల వేడి పుట్టి, పట్టాకు చెమట పట్టి, పై పొర రంగు మారుతుంది. వాన తెరిపిచ్చిన ప్రతిసారీ పట్టా తీసి, పోగు తిరగేసి, తేమ 14 శాతానికి దిగేదాకా ఆరబెట్టండి.