అమెరికా స్విచ్, మిర్యాలగూడ కరెంటు

మా ఇంట్లో ఉన్నది నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ కన్సోల్, ఓఎల్ఈడీ తెర ఉన్న మోడల్. చేతిలో పట్టుకునీ ఆడొచ్చు, టీవీకి పెట్టీ ఆడొచ్చు. 2022 సంక్రాంతికి అక్కాబావలు డాలస్ నుంచి వస్తూ పట్టుకొచ్చారు. అప్పటి నుంచి మిర్యాలగూడలో మా హాల్లోనే ఉంది. మా ఇద్దరు పిల్లలు, వాడకట్టు పోరగాళ్లు, అప్పుడప్పుడు నేనూ దాని పని పడుతూనే ఉన్నాం. "బయట దేశంలో కొన్నది ఈడ నడుస్తదా?" అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. నడుస్తుంది, బ్రహ్మాండంగా నడుస్తుంది. దాని పర్సు మాత్రం ఇంకా అమెరికాలోనే ఉంది.

అప్పుడు అక్కడ దాని ధర 349.99 డాలర్లు, మీద 8.25 శాతం సేల్స్ టాక్స్. అప్పటి రేటుకి ఇరవై ఎనిమిది వేలు దాటింది. మన దేశంలో అప్పటికి నింటెండో అధికారికంగా అమ్మడం లేదు. హైదరాబాద్ షాపుల్లో దొరికేది కూడా ఎవరో బయటి నుంచి తెప్పించి, లాభం వేసుకుని అమ్మేదే. కస్టమ్స్ గొడవ రాలేదు. ఆ రోజుల్లో మనవాళ్లు తెచ్చుకునే సామానుకి 50,000 రూపాయల దాకా సుంకం లేదు.

కరెంటు దగ్గర అందరికీ భయమే. మా అమ్మకైతే మరీ. అంతకుముందు అక్క తెచ్చిన ఇస్త్రీపెట్టె పెట్టిన రోజే మాడి, ఇల్లంతా కమురు వాసన కొట్టింది. అది 120 వోల్టుల సరుకు, మన గోడలో వచ్చేది 230. "ఇది కూడా గట్లనే పేల్తదేమో, చూస్కో బిడ్డా" అని అమ్మ ఆ రోజు హాల్లోకే రాలేదు. అడాప్టర్ వెనక చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివాం: ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్. అంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, నేరుగా పెట్టుకోవచ్చు. బయటి నుంచి ఏది తెప్పించినా ముందు ఆ ఒక్క లైన్ చదవండి.

సతాయించింది వోల్టేజీ కాదు, పిన్ను. అమెరికా అడాప్టర్‌కి రెండు చదును పిన్నులు ఉంటాయి. బజార్లో దొరికే కన్వర్టర్ తగిలించి గోడ సాకెట్‌లో పెడితే అడాప్టర్ బరువుకి మొత్తం కిందికి వాలుతుంది. లోపల చిటపటమంటుంది, టీవీలో బొమ్మ పోతుంది, మళ్లీ వస్తుంది. సరిగ్గా ఆఖరి ల్యాప్‌లోనే పోతుందని పిల్లల ఏడుపు. చివరికి అన్ని రకాల పిన్నులు పట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తెచ్చి నేల మీద పడుకోబెట్టాను. కన్వర్టర్‌తో పనే లేకుండా పోయింది. ఫోన్ చార్జర్ పెడితే పోదా అంటారు. చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు మెల్లగా చార్జింగ్ ఎక్కుతుంది. డాక్‌లో, అంటే టీవీకి కలిపే దాని స్టాండులో, పెట్టి టీవీలో చూడాలంటే మాత్రం 15 వోల్టులు, 2.6 ఆంపియర్లు కావాలి. దాని సొంత అడాప్టరే దిక్కు.

కరెంటు పోయినప్పుడు దీని గొప్పతనం తెలుస్తుంది. టీవీ ఆరిపోతే డాక్‌లోంచి తీసి చేతిలో పట్టుకోవడమే, ఆట ఉన్న చోటి నుంచే సాగుతుంది. ఆటను బట్టి బ్యాటరీ నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు వస్తుందని కంపెనీ లెక్క. మా దగ్గర ఇప్పుడు మొదట్లో ఉన్నంత రావడం లేదు, అయినా ఒక కోత గడిచిపోవడానికి సరిపోతుంది. ఈ ఒక్క కారణానికే, టీవీకి కట్టేసినట్టుండే పెద్ద కన్సోల్ కన్నా మన ఊళ్లకి ఇది నయమంటాను.

ఎండ సంగతి వేరు. 5 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని తయారీదారుల సూచన. మన నల్లగొండ జిల్లాలో మే నెలలో 44 దాటడం మామూలే, ఇంట్లో ఫ్యాన్ కింద కూడా 35 అనేది రాత్రి మాటే. అందుకే ఎండాకాలం మధ్యాహ్నాలు డాక్‌లో పెట్టనివ్వను. పెడితే పై అంచున ఉన్న గాలి రంధ్రాల్లోంచి వేడి తన్నుకొస్తుంది, చిన్న ఫ్యాన్ గుయ్యిమని మొత్తుకుంటుంది. కూలర్ ముందు పెడదామన్నాడు పెద్దోడు. ఆ తడి గాలి అసలే వద్దు. ఇక దుమ్ము. మా ఊరు రైస్‌మిల్లుల ఊరు, వడ్లు ఆడే సీజన్‌లో పొట్టు కిటికీ ఊచల మీద కూడా పేరుకుంటుంది. ఆడనప్పుడు స్విచ్‌కి పాత పంచె కప్పుతాం, రెండు పక్కలా తగిలించే చేతి కంట్రోలర్లు, అదే జాయ్‌కాన్లు, స్టీలు డబ్బాలోకి పోతాయి.

అయినా దుమ్ము దుమ్మే. కొన్నేళ్లకి ఎడమ జాయ్‌కాన్ మీద బొటనవేలితో తిప్పే స్టిక్ తనంతట తానే జరిగినట్టు చేయడం మొదలుపెట్టింది. ఎవరూ ముట్టకపోయినా ఆటలో బండి రోడ్డు దిగి గడ్డిలోకి పోతుంది. ఆ స్టిక్ లోపల కార్బన్ పూత మీద చిన్న లోహపు నాలుకలు రాసుకుంటూ తిరుగుతాయి. పూత అరిగి పొడి రాలుతుంది, దానికి బయటి దుమ్ము తోడైతే స్టిక్ మధ్యలో ఉన్నా పక్కకి తోస్తున్నట్టు మిషన్‌కి తెలుస్తుంది. స్టిక్ కింది రబ్బరు లేపి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేస్తే కొన్నాళ్లు బాగుపడింది, మళ్లీ మొదటికొచ్చింది. విప్పుదామంటే మూడు రెక్కల స్క్రూలు. మా ఊళ్లో ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర ఆ స్క్రూడ్రైవరే లేదు. వారంటీ అక్కడిది, ఇక్కడ సర్వీస్ సెంటర్ లేదు. చివరికి హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో ఒకాయన అయస్కాంతంతో పనిచేసే స్టిక్ వేసిచ్చాడు. అందులో రాపిడి లేదు కాబట్టి అరిగేదీ లేదు. ఇంటికొచ్చి సెట్టింగ్స్‌లో స్టిక్ కాలిబ్రేషన్, అంటే దాని మధ్య ఎక్కడుందో మిషన్‌కి చూపించడం, ఒకసారి చేసుకోవాలి, అది మర్చిపోతే కొత్త స్టిక్ కూడా వంకరగానే పోతుంది.

ఇప్పుడు పర్సు దగ్గరికి వద్దాం, తల ప్రాణం తోకకొచ్చేది ఇక్కడే. ఆటలు డౌన్‌లోడ్‌కి కొనే నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈ-షాప్‌లో ఇండియా స్టోర్ లేదు కాబట్టి అకౌంట్ అమెరికా పేరుతోనే తెరిచాం. మన బ్యాంకు కార్డు కొడితే తీసుకోలేదు, ఇంకో కార్డుదీ అదే గతి. దారి ఒక్కటే, డాలర్ల గిఫ్ట్ కార్డు. అక్క అక్కడ కొంటుంది, వెనక గీకి, కోడ్ ఫొటో వాట్సాప్‌లో పంపుతుంది. ఇక్కడ ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతారు గానీ డాలర్ రేటు మీద ఇంకొంత పిండుతారు. ఆట 19.99 డాలర్లు కదా అని ఇరవై డాలర్ల కార్డు తెప్పిస్తే, అకౌంట్‌లో ఉన్న అక్కవాళ్ల జిప్ కోడ్‌ని (అక్కడి పిన్ కోడ్) బట్టి పన్ను పడి డబ్బులు చాలవు. ఎక్కువ వేయిస్తే చిల్లర మిగులుతుంది. ఆ చిల్లర సున్నా అయ్యేదాకా అకౌంట్ దేశం మార్చుకోనివ్వదు. డిస్కౌంట్ల ఆఖరి గడువు కూడా వాళ్ల గడియారం ప్రకారమే. పసిఫిక్ టైం (అమెరికా పడమటి తీరం టైం) రాత్రి 11:59 అంటే చలికాలంలో మనకి మర్నాడు మధ్యాహ్నం ఒకటిన్నర. మా పెద్దోడికి లెక్కలు రావు గానీ ఈ ఒక్క లెక్క నోటికొచ్చు.

అందుకే నా మాట ఏంటంటే, డౌన్‌లోడ్ కన్నా కార్టు, అంటే ఆట ఉండి మిషన్‌లో దూర్చే చిన్న ముక్క, మేలు. స్విచ్ కార్టులకి దేశం పట్టింపు లేదు. యూరప్‌ది, జపాన్‌ది, అమెరికాది ఏదైనా ఆడుతుంది. జపాన్ కార్టుల్లో కొన్నింటికి ఇంగ్లీష్ ఉండదు, అది చూసుకోవాలి. అదనంగా అమ్మే ట్రాకులు, లెవెల్స్ కూడా కొన్ని ఆటల్లో కార్టు ఏ దేశానిదో ఆ దేశం అకౌంట్‌కే అతుకుతాయి. ఆట పూర్తయ్యాక కార్టు అమ్ముకోవచ్చు, పక్కింటికి ఇవ్వొచ్చు. పరిమాణం మాత్రం గోరంత. మా చిన్నది ఒకసారి నోట్లో వేసుకుని వెంటనే థూ అని ఉమ్మేసి, ఏడుస్తూ నాలుక గీక్కుంది. పిల్లలు మింగకూడదని వాటికి డెనటోనియం బెంజోయేట్ అనే మహా చేదు పూత పూస్తారు. నేనూ నాలుక మొన తాకించి చూశాను. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నా ఆ చేదు చాలాసేపు పోలేదు.

కాబట్టి అక్కడ మన మనిషి ఉండి, నెలకోసారి విసుక్కోకుండా గిఫ్ట్ కార్డు పంపేటట్టయితే నిస్సంకోచంగా తెప్పించుకోండి. ఎవరూ లేకపోతే, మన దగ్గర వారంటీతో అమ్మే వేరే కన్సోల్ చూసుకోవడమే మంచిది. ఏ దేశంలో కొంటున్నారన్నది కూడా ముఖ్యమే. మా పెద్దోడి కన్ను ఇప్పుడు దీని తర్వాతి కన్సోల్ స్విచ్ 2 మీద పడింది. 2025 జూన్ 5న విడుదలైనప్పుడు అమెరికాలో 449.99 డాలర్లు, జపాన్‌లో 49,980 యెన్లు. అప్పటి రేటుకి రూపాయల్లోకి మారిస్తే జపాన్‌ది తొమ్మిది వేల దాకా తక్కువ పడేది. టోక్యో వెళ్తున్న స్నేహితుడొకడు తెస్తానన్నాడు కూడా. కానీ ఆ చౌక రకంలో జపనీస్ తప్ప వేరే భాష లేదు, జపాన్ అకౌంట్లు తప్ప వేరేవి ఒప్పుకోదు. వద్దన్నాను. బావ వచ్చేటప్పుడు అమెరికాదే తెమ్మని చెప్పాం. పాత కార్టులు చాలావరకు అందులోనూ ఆడతాయి, అందుకే ఈమధ్య ఒక్కటి కూడా అమ్మలేదు.