దివాణం వాళ్ల డబుల్ బ్యారెల్, దాని పెట్టె

పాత ఇంగ్లీషు తుపాకీ కొంటున్నానని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది పెట్టె ఉందా అని. బ్యారెల్ చూశారా, కర్ర చీలిందా లాంటివన్నీ ఆ తర్వాతే. ఎందుకో చెప్తాను.

ఆర్మీ నుంచి వచ్చాక శ్రీకాకుళంలో బ్యాంకు గార్డుగా చేస్తున్నాను. మా జిల్లాలో మాజీ సైనికులకి ఇది అలవాటైన దారే. సొంత లైసెన్సు, సొంత పన్నెండు బోరు తుపాకీ ఉంటే పని దొరుకుతుంది. నాది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో చేసిన డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాలది. విజయనగరం జిల్లాలో ఒకప్పటి చిన్న దివాణం వాళ్ల దగ్గర కొన్నాను. పెద్దాయన పోయారు, కొడుకు లైసెన్సు మీద అప్పటికే రెండున్నాయి. 2019 డిసెంబరులో చట్టం మార్చి మనిషికి రెండే అన్నారు కదా, దాంతో మూడోది అమ్మకానికి వచ్చింది. కొనేవాడు దొరికేదాకా స్టేషన్లో డిపాజిట్‌లో పడి ఉంది. కాగితాల గొడవ ఎక్కువ రాయను. అమ్మేవాళ్లు కలెక్టరుకో దగ్గరి స్టేషనుకో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఆగాం.

పెట్టె విడిగా అమ్మం, తుపాకీ విడిగా అమ్మం అన్నారు. రెండూ కలిపే బేరం. తోలు తొడుగున్న చెక్కపెట్టె అది, మూత తీస్తే లోపల ఒక కార్ఖానా. ఖాళీ తూటా కేసులు, మందుకీ గుళ్లకీ మధ్య పెట్టే ఫెల్ట్ బిళ్లలు, గుళ్లు కొలిచే పిడి ఉన్న గిన్నె, కేసు అంచు మడిచే చేతిమిషను. ఆ మిషను బల్లకి బిగించి తిప్పేది, అచ్చం కొబ్బరి తురిమే మిషనులా ఉంటుంది. తూటాలు ఇంట్లోనే నింపుకుని వేటకెళ్లిన కాలం నాటి సరంజామా. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. అందులో పాత తుపాకిమందు డబ్బా, క్యాపులు కూడా ఉన్నాయి. క్యాపంటే తూటా అడుగున ఉండి, దెబ్బ తగిలితే మందుని అంటించేది. అవి మాత్రం నాకొద్దన్నాను. మందు, క్యాపులు చట్టం లెక్కలో మందుగుండే, పైగా ఎన్నేళ్ల నాటివో వాళ్లకే తెలీదు. పోలీసులకి అప్పజెప్పి కాగితం తీసుకోమన్నాను. కొడుకు ముఖం చిట్లించినా ఆ పని చేశాడు.

తుపాకీ గురించి మొదట్లో మా గార్డులందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. బరువు తక్కువ, రోజంతా భుజాన ఉన్నా తెలీదు, బ్యారెల్లోకి చూస్తే అద్దం.

తర్వాత ఒకసారి ఫైరింగ్ ప్రాక్టీసులో కుడి బ్యారెల్లో తూటా పేలింది, ఎడమదాంట్లోది పేలక టక్ అని ఊరుకుంది. మూతి టార్గెట్ వైపే ఉంచి కాసేపు ఆగి విప్పాను. క్యాపు మీద గుంట పైపైన పడింది. క్యాపుని కొట్టే పిన్ను కొస విరిగింది. బయటికి చూస్తే తుపాకీకి ఏ లోపమూ లేదు, కానీ అది పేలదు. పేలని తుపాకీ పట్టుకుని డ్యూటీలో నిలబడటం కుదరదు, డ్యూటీ లేకపోతే జీతం లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

విశాఖలో తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి లైసెన్సు బుక్కుతో సహా తీసుకెళ్లాను. ఆయన పిన్ను చూసి పెదవి విరిచాడు. "ఇది మిషన్ మీద తీసిన సరుకు కాదు బావూ. ఒకదాని పిన్ను ఇంకోదానికి పట్టదు. చేత్తో చెయ్యాలి. గట్టిపరచడంలో తేడా వస్తే మళ్లీ విరుగుద్ది." ఎన్నాళ్లు పడుతుందంటే చెప్పలేనన్నాడు. నేను తల పట్టుకుని కూర్చుంటే అప్పుడడిగాడు, "దీనికి పెట్టె రాలేదా?"

మర్నాడు పెట్టె మోసుకెళ్లాను. గుళ్ల గిన్నె కింద ఒక అరలో మరమూత ఉన్న చిన్న గుండ్రటి డబ్బీ ఉంటే, నేను దాన్ని క్యాపుల డబ్బీ అనుకుని ఎప్పుడూ విప్పలేదు. ఆయన నేరుగా దాని మీదికే చెయ్యి పోనిచ్చాడు. గడ్డకట్టిన గ్రీజులో రెండు పిన్నులు, ఒకటి కుడిదానికి, ఒకటి ఎడమదానికి. ఈ తుపాకీ చేసినవాడే దీనికోసం చేసిపెట్టినవి! పక్కనే రెండు కొనలున్న తాళంచెవి లాంటిది కూడా ఉంది. తూటా అడుగు ఆనే చోట ముఖం మీద రెండు గుండ్రటి బిళ్లలుంటాయి, అవి దాంతో ఊడతాయి. బిళ్ల విప్పి, కొత్తది పెట్టి, ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్ది, ఉత్తుత్తి తూటా పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూశాడు. టీ వచ్చేలోపు అయిపోయింది. డబ్బులు మాత్రం పూర్తిగానే తీసుకున్నాడు, అది ఆయన విద్య. ఆ ఉత్తుత్తి తూటాలు కూడా పెట్టెలోవే. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే పిన్ను దెబ్బతింటుంది, అందుకే అవి ఉన్నాయట. ఇప్పుడు అవి లేకుండా నొక్కను, ఎవర్నీ నొక్కనివ్వను.

అలాగని తుపాకీ గొప్పదని ఇప్పుడు అంత గట్టిగా అనను. ఎడమదానికి ఇక స్పేర్ లేదు. అద్దం అన్న బ్యారెల్లో మూతి దగ్గర చిన్న చిన్న తుప్పు గుంటలున్నాయి, మా సముద్రపు గాలికి నూనె రాయని వారం ఉండకూడదు. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి తూటాలది. బ్యారెల్ కింద ముద్ర ప్రకారం దీని గది, అంటే తూటా కూర్చునే చోటు, రెండున్నర అంగుళాలే. దీనికి సరిపోయే తూటాని మిల్లీమీటర్లలో 65 అంటారు. షాపులో ఎక్కువగా దొరికేవి 70. ఆ 70 కొలత పేలాక కేసు విచ్చుకున్న పొడవు. అందుకే పేలకముందు ఇందులోనూ హాయిగా దూరిపోతుంది. పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి 65వే ఆర్డరిచ్చి తెప్పించుకుంటాను. బరువు తక్కువ కావడం వల్ల ప్రాక్టీసు రోజున భుజానికి తగిలే దెబ్బ కూడా ఎక్కువే.

నాకు ఏడాదికి కాల్చే తూటాలు తక్కువ, విశాఖకి రైలుంది, నమ్మకమైన మనిషి ఉన్నాడు. అందుకే నాకు సరిపోయింది. కొత్తగా గార్డు పనికి వచ్చే కుర్రాళ్లు అడిగితే మాత్రం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, అంటే సర్కారు ఆయుధ కార్ఖానా, చేసిందే తీసుకోమంటున్నాను, సామాన్లు దొరుకుతాయి, 70 తూటా వేసుకోవచ్చు. పాతదే కావాలని పట్టుబడితే బ్యారెల్ కింద ముద్ర చదివి, ఆ కొలత తూటాలు తెప్పిస్తానని షాపువాడు ఒప్పుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.